వస్తువుల గమనం

కళాఖండమనగానే పాలరాతి శిల్పమో, వర్ణచిత్రమో స్ఫురించడం సహజం. పాత టైర్లు, చెక్క పలకలు, నిచ్చెనలు, కెటిళ్ళు కూడా కళకు సామగ్రి కాగలవని స్విట్జర్లాండుకు చెందిన పీటర్ ఫిష్లీ, డేవిడ్ వైస్ అనే కళాకారులు 1987లో ఒక చలనచిత్రం ద్వారా నిరూపించారు. 'వస్తువుల గమనం' అని అర్థమిచ్చే జర్మన్ పేరు గల ఆ చిత్రం నిడివి సుమారు 30 నిమిషాలు. అందులో నటులు లేరు, సంభాషణలు లేవు.

వేలాడుతున్న ఒక చెత్తసంచి మెలి విడుతూ మెల్లగా కిందికి దిగి టైరును తాకుతుంది. టైరు దొర్లుతుంది. అది మొదలు ఒక వస్తువు మరొకదానిని తోస్తుంది, పడగొడుతుంది, మండిస్తుంది. నురగ పొంగుతుంది, నిచ్చెన తూలుతూ వాలు దిగుతుంది. గమనం ఆగిపోయినదని ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టిన వేళ అది మళ్ళీ సాగుతుంది.

ఈ చిత్రంపై రెండు ఆక్షేపణలకు అవకాశమున్నది. అమెరికా వ్యంగ్యచిత్రకారుడు రూబ్ గోల్డ్‌బర్గ్ (1883–1970) గీసిన వింత యంత్రాలు మూతి తుడవడం వంటి చిన్న పనినైనా నెరవేరుస్తాయి. ఈ గొలుసుకు అటువంటి ప్రయోజనమేదీ లేదు. ఇది మొదటి ఆక్షేపణ. ఏకధాటిగా సాగినట్లు కనిపించే ఈ చిత్రం, నిజానికి ఖండఖండాలుగా తీసి అతుకులు తెలియకుండా కూర్చినది. ఇది వంచన కాదా అన్నది రెండవది.

రెండవ ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చరాదు. అతుకుల సంగతి తెలిసిన ప్రేక్షకునికి కొంత ఆశాభంగం తప్పదు. అయితే ఈ చిత్రం పందెం కాదు, ప్రయోగశాల నివేదిక కాదు. నాటకంలో తెర దించి, తెల్లవారినదని చూపితే దానిని ఎవరూ అబద్ధమనరు. పైగా అతుకుకూ అతుకుకూ నడుమ టైరు బరువు నిజం, నిప్పు వేడి నిజం, నేల వాలు నిజం.

మొదటి ఆక్షేపణకు సమాధానం ఆ నిష్ప్రయోజనత్వంలోనే ఉన్నది. కెటిల్ తేనీటి కొరకు, నిచ్చెన ఎక్కడం కొరకు. అక్కర తీరిన పిదప వాటి వంక ఎవరూ చూడరు. ఏ పనీ అప్పగించనప్పుడే వాటి బరువు, తొట్రుపాటు, నిలకడ కంటికి ఆనుతాయి. పరీక్ష కొరకే చదివిన పద్యం పరీక్షతోనే మరుగున పడుతుంది. పద్యాన్ని పద్యంగా చదివిన విద్యార్థికి దాని నడక జీవితాంతం తోడుంటుంది. ఫలమొక్కటే విలువకు కొలత అనుకునే కాలంలో, దారిని చూడడం నేర్పిన ఈ చిత్రాన్ని వ్యర్థమనడం న్యాయం కాదు.