యుద్ధం ముగిసిన మర్నాడు

మొన్న వేసవి సెలవులకు వచ్చిన మా మనవడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని 2004లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ రెండవ చిత్రం చూపించాడు. వాడు దానిని ఎన్నిసార్లు చూశాడో తెలియదు గాని, నాకు మాత్రం అదే ప్రథమ దర్శనం. కథానాయకుడు పీటర్ పార్కర్ అనే పేద విద్యార్థి. పిజ్జాలు వేళకు అందించలేక ఉన్న చిన్న కొలువు పోగొట్టుకుంటాడు. గది యజమాని అద్దె కోసం వెంటపడుతూ ఉంటాడు. ఆ కుర్రవాడే వీరవేషం వేసుకొని, అదుపు తప్పిన రైలును తన ఒంటిబలంతో నిలిపి, స్పృహ తప్పి పడిపోతాడు. రైలులోని జనం అతణ్ణి చేతులమీదుగా మోసుకువచ్చి పడుకోబెడతారు. ముసుగు లేని ఆ ముఖం చూసి, ఈ సంగతి ఎవరికీ చెప్పబోమని మాట ఇస్తారు.

అక్కడ మావాడు బొమ్మ ఆపి, "తాతయ్యా, ఇంతమందిని కాపాడాడు కదా! వాళ్లలో ఒక్కళ్లన్నా ఆయన గది అద్దె కట్టొచ్చు కదా?" అని అడిగాడు.

నవ్వి ఊరుకున్నాను. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పసివాడు అడిగింది అమెరికా కథను గురించే అయినా, ఆ ప్రశ్న మా గుంటూరు, ప్రకాశం సీమల చరిత్రకే తగిలినట్లు తోచింది. అందుకే ఈ టపా.

ముందుగా పల్నాటి మాట. పన్నెండవ శతాబ్దంలో కారంపూడి రణరంగంలో కూలిన వీరులకు అక్కడ నేటికీ గుడి ఉన్నది. ఏటా కార్తీకంలో ఉత్సవాలు జరుగుతాయి, వారి ఆయుధాలకు పూజలు జరుగుతాయి. బాలచంద్రుని పేరు చెబితే ఒళ్లు పులకించని పల్నాటివాడు ఉండడు. మరి యుద్ధానంతరం బతికి మిగిలిన బ్రహ్మనాయుడు ఏమయ్యాడు? గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ చెబుతుంది. తరువాత మాట లేదు. చిన్ననాడు ఇది విన్నప్పుడు నాకు గొప్ప వైరాగ్యంగా కనిపించింది. ఈ వయసులో వేరే విధంగా కనిపిస్తున్నది. చనిపోయిన వీరుణ్ణి ఏమి చేయాలో మన కథలకు బాగా తెలుసు. బతికి ఇంటికి వచ్చినవాణ్ణి ఏమి చేయాలో తెలియదు. కనుక ఒక బిలం చూపించి తప్పుకుంటాయి.

ఇది పాత కథలకే పరిమితమైన దోషమైతే ఇంత రాయనక్కరలేదు. నూరేళ్ల క్రితం, పల్నాటికి తూర్పున సముద్రం దాపున ఉన్న చీరాలలో ఇదే జరిగింది.

చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోనివి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు వైపు చేరి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఊళ్లు. యూనియన్‌గా ఉన్నన్నాళ్లు ఆ రెండు ఊళ్లు కట్టిన పన్ను ఏడాదికి సుమారు 4,000 రూపాయలు. ప్రభుత్వం వాటిని కలిపి మునిసిపాలిటీ చేసేసరికి ఆ భారం 30,000 దాటింది. నేతగాళ్లు, చిన్న రైతులు, చిల్లర వర్తకులు అంత ఎక్కడి నుంచి తెస్తారు? కట్టమన్నారు. కట్టనివారిని జైలుకు పంపారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది.

వారికి నాయకుడై నిలిచినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, పసితనంలోనే తల్లిని, తండ్రిని పోగొట్టుకొని, బంధువుల నీడలో పెరిగి, స్కాట్లండులోని ఎడింబరో వెళ్లి ఎం.ఏ. చదివి వచ్చినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. దానిని 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఇంత చదువు చదివినవాడు ఆ రోజులలో ఏ కళాశాలలోనో స్థిరపడి హాయిగా బతకవచ్చు. ఆయన కొలువులు వదిలి చీరాల చేరాడు. రామదండు అనే స్వచ్ఛంద సేవాదళాన్ని కూర్చాడు. కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు. 1921 మార్చి ఆఖరున విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాలకు పోటెత్తిన జనాన్ని అదుపు చేసింది ఈ దండే. మా మనవడి వీరులకు వేషం ఉన్నట్లే వీరికీ ఉన్నది. తేడా ఏమిటంటే వీరికి ముసుగు లేదు. ఎవరు ఏమి పోగొట్టుకున్నారో ఊరందరికీ కనిపించేది.

1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చినప్పుడు రెండు దారులు ముందుకు వచ్చాయి. పన్ను నిరాకరించి శాంతంగా కష్టాలు భరించడం ఒకటి. అసలు మునిసిపాలిటీ హద్దులే దాటి వెళ్లిపోవడం రెండవది. చీరాల రెండవ దారి పట్టింది. పదిహేను వేల పైచిలుకు జనాభాలో పదమూడు వేలకు పైగా జనం సామాన్లు, పశువులు, పసిపిల్లలతో ఊరు వదిలి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరమని పేరు. మండు వేసవిలో మొదలైన ఆ కాపురం వానలు దాటి, చలి దాటి, సుమారు పదకొండు నెలలు సాగింది. ఊళ్లో ఇల్లు ఉండి పాకలో పురుడు పోసుకున్న తల్లులు ఎందరో, నేత సాగక పస్తులున్న ఇళ్లు ఎన్నో ఊహించుకోవలసిందే.

1921 శరత్కాలంలో గోపాలకృష్ణయ్యను బరంపురంలో నిర్బంధించారు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నడిపేవాడు లేడు, చేతిలో డబ్బు లేదు, పాకలు వేసుకున్న పోరంబోకు నేలకు సర్కారు అపరాధాలు. 1922 తొలినాళ్లలో జనం ఒక్కొక్కరే పాత ఇళ్లకు మరలిపోయారు. ఉద్యమం ముగిసినప్పుడు దాని నాయకుడు చెరసాలలో ఉన్నాడు.

మరలిపోయిన వారిని నేను తప్పుపట్టను. పదకొండు నెలలు పాకలలో పిల్లలను పెంచినవారిని తప్పుపట్టే అర్హత మేడలో కూర్చొని టపాలు రాసే నాకు లేదు. గోపాలకృష్ణయ్య మీద కూడా ఒక ప్రశ్న వేయవచ్చు. అన్ని వేలమందిని ఊరు దాటించినవాడు వారి ఏడాది తిండికి దారి చూసుకున్నాడా అని. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం ఆయన తన ఒంటితో చెల్లించాడు. జైలు నుంచి వచ్చాక మళ్లీ దేశసేవలోనే తిరిగాడు గాని, ఇంటికి ఆసరా అయ్యే కొలువు లేదు, వెనకేసింది లేదు. పేదరికంలో క్షయ పట్టుకున్నది. 1928 జూన్ 10న పోయాడు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. ఆంధ్రరత్న అని బిరుదు ఉన్నది. ఈనాడు విజయవాడలో కాంగ్రెసు కార్యాలయానికి ఆయన జ్ఞాపకంగా ఆంధ్రరత్న భవన్ అని పేరున్నది. రత్నానికి భవనం వచ్చింది, మనిషి పోయిన తరువాత.

చీరాల జనం ఇళ్లకు మరలిన రోజులలోనే, 1922 ఫిబ్రవరిలో, పల్నాటిలో పుల్లరి పోరాటం నడిపిన కన్నెగంటి హనుమంతు తుపాకి గుళ్లకు నేలకొరిగాడు. ఆయన కథను జనం పాడుకున్నారు, పాడుకోవలసిందే. కాని ఆరేళ్లు దగ్గుతూ బతికినవాడి కథను పాడేదెవరు? దగ్గుకు తాళం కుదరదు కదా!

ఇక నా సంగతి. ముప్పైమూడేళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. సందర్భం దొరికినప్పుడల్లా గోపాలకృష్ణయ్యగారి గురించి చెప్పేవాణ్ణి. ఆయన చమత్కారాలు, సభలలో అప్పటికప్పుడు పద్యాలు అల్లడం, రామదండు, రామనగరం, అక్కడితో ఆపేవాణ్ణి. ఒకసారి తొమ్మిదో తరగతి కుర్రవాడు లేచి, "తర్వాత ఆయనేమయ్యాడు మాస్టారూ?" అన్నాడు. "తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది, కూర్చో" అన్నాను. గంట కొట్టారు. అది జవాబు కాదని ఆ కుర్రవాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ కుర్రవాడే పెద్దవాడై మా ఊళ్లో మినీ వ్యాను కొనుక్కున్నాడు. వాయిదాల మీద కొన్నది. కోతల కాలంలో చుట్టుపక్కల పల్లెల నుంచి మిరప టిక్కీలు గుంటూరు యార్డుకు తోలేవాడు, పత్తి వచ్చినప్పుడు పత్తి బోరేలు. 2021 ఏప్రిల్, మే నెలలలో మహమ్మారి రెండవసారి విరుచుకుపడ్డప్పుడు, సరిగ్గా మిరప బాడుగలు చేతినిండా ఉండే రోజులలో, వ్యాను పట్టా విప్పి వెనుక పరుపు వేశాడు. ఊపిరాడని వారిని గుంటూరు తీసుకువెళ్లాడు. ఆక్సిజన్ సిలిండర్లు మోశాడు. సొంత కొడుకులు దగ్గరకు రాని శవాలను శ్మశానానికి చేర్చాడు. మా వీధిలోనే ఇద్దరిని తీసుకువెళ్లాడు. ఒకరు తిరిగివచ్చారు, ఒకరు రాలేదు. ఎవరి దగ్గరా డీజిలు ఖర్చుకు మించి పుచ్చుకోలేదు.

ఆ ఏడు ఆగస్టు పదిహేనున ఊరివాళ్లం సభ పెట్టి శాలువా కప్పాం. సన్మానపత్రం నేనే రాశాను. అన్నీ సమాసాలే! దాన్ని చదువుతుంటే అతను తల వంచుకొని నిలబడ్డాడు. వినయమనుకున్నాను.

మరుసటి మిరప కోతలకు అతని వ్యానుకు బాడుగలు రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. మాటలలో మాటగా మాత్రం, "శవాలు మోసిన బండి కదా, సరుకు వేయడానికి మనసొప్పదు" అనేవారు. పెళ్లి సామానుకు పిలవలేదు, విత్తనాల మూటలకు పిలవలేదు. వాయిదాలు తప్పాయి. అప్పిచ్చినవారు బండి పట్టుకుపోయారు. అతను ఇప్పుడు వేరొకరి లారీ మీద డ్రైవరు. నెలకు నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉంటే ఎక్కువ.

ఇందులో ఊరిది ఎంత తప్పో నాకు తెలియదు గాని, నాది ఎంతో తెలుసు. ఆ ఏడే మా అమ్మాయి గృహప్రవేశానికి సామాను పంపవలసి వచ్చింది. అతని నంబరు నా దగ్గర ఉన్నది. ఫోను చేతిలోకి తీసుకొన్నాను కూడా. "కొత్త ఇల్లు కదండీ, శుభమా అని..." అని ఇంట్లో మాట వచ్చింది. నేను మారుమాట్లాడకుండా వేరే బండి పిలిచాను. అతణ్ణి "కరుణారసార్ణవ" అని సంబోధించిన చేయి ఇదే.

కనుక మా మనవడి ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. వీరుడి అద్దె ఎవరూ ఎందుకు కట్టరంటే, అతన్ని చూస్తే మనకు ఆ కష్టకాలం గుర్తుకు వస్తుంది. మనం మరచిపోవాలనుకున్నదానికి అతను సాక్షి. అందుకే శాలువా కప్పుతాం. కప్పితే కొంతవరకు కనబడడు.

వీరుడనేవాడు ఫలం ఆశించకూడదు కదా, ఆశిస్తే అది త్యాగమెలా అవుతుంది అని కొందరు పెద్దలు అనవచ్చు. నిజమే. ఆశించకపోవడం అతని ధర్మం. ఇవ్వడం మన ధర్మం. అతని ధర్మాన్ని చూపించి మన ధర్మాన్ని ఎగవేయడం ఏ శాస్త్రంలోనూ లేదు. గోపాలకృష్ణయ్యగారు తన దళానికి రామదండు అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వచ్చిన రామాయణంలో యుద్ధకాండ రావణవధతో ముగియదు. పట్టాభిషేకం ఉన్నది. ఆనాడు వానరులందరికీ కానుకలు అందాయి. సీతమ్మ తన మెడలోని హారం తీసి హనుమంతునికి ఇచ్చింది. హనుమ అడగలేదు. అడగలేదు కదా అని ఆమె ఊరుకోలేదు. మనం మాత్రం యుద్ధం దాకా చదివి పుస్తకం మూసేస్తున్నాం.

నేను కోరేది పెద్దదేమీ కాదు. వరద గాని, తుపాను గాని, మరో మహమ్మారి గాని వచ్చి వెళ్లాక, ఊరివాళ్లు సన్మానసభకు ముందు ఒక పని చేయాలి. ముందు నిలబడినవారి ఇంటికి వెళ్లి, ఆ రోజులలో నీకు ఎంత పోయింది, ఏ వాయిదా ఆగింది, ఏ పని చేజారింది అని అడిగి కాగితం మీద రాసుకోవాలి. అది తీరిన తరువాత శాలువా కప్పవచ్చు. ముందు అద్దె, తరువాత పద్యం. పద్యాలు రాసేవాణ్ణే ఈ మాట అంటున్నాను.

గత నెల అతను ఊరికి వచ్చినప్పుడు ఇంటికి పిలిచాను. గృహప్రవేశం సంగతి దాచకుండా చెప్పాను. "తెలుసు మాస్టారూ, ఆ రోజు మీ సామాను తోలినవాడు మా బావమరిదే" అన్నాడు. కాఫీ తాగి, వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, "ఇంతకీ ఆ గోపాలకృష్ణయ్యగారు తర్వాత ఏమయ్యాడో మీరు చెప్పనే లేదు" అన్నాడు.

కూర్చోమన్నాను. ఈసారి చివరిదాకా చెప్పాను.