నోటీసు కంపెనీలకు, కోత బస్తీలకు

హైదరాబాద్ రామంతాపూర్‌లో 2025 ఆగస్టు 17 రాత్రి కరెంటు షాక్‌కు అయిదు నిండు ప్రాణాలు పోయాయి. కరెంటు స్తంభాలకు ఉండలు చుట్టుకుని వేలాడుతున్న ఇంటర్నెట్, కేబుల్ తీగలను తీసెయ్యాల్సిందే. పనికిరాని పాత వైర్లను అలాగే వదిలేసి కొత్తవి లాగుతూ పోయిన కంపెనీల తప్పు కూడా చిన్నది కాదు. కానీ ఆ తర్వాత విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్పీడీసీఎల్ సిబ్బంది వాటిని ఎడాపెడా తెగ్గోసిన తీరును, దాన్ని సర్కారు సమర్థించుకున్న తీరును మాత్రం అంగీకరించలేం. ఆపరేటర్లకు ఏడాది గడువిచ్చామని, నోటీసులిచ్చినా కదల్లేదని, ఇక ఉపేక్షించేది లేదని ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో జనాన్ని అన్నిటికన్నా తప్పుదోవ పట్టించే మాట ఇదే.

గడువిచ్చింది కంపెనీలకు. నెట్ పోయింది మాత్రం అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో గదికి నలుగురైదుగురు సర్దుకుంటూ జావా, పైథాన్ నేర్చుకుంటున్న పిల్లలకు. జిల్లాల నుంచి అప్పోసప్పో చేసి వచ్చినవాళ్లు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో లైను తెగితే కంపెనీ మళ్లీ పిలుస్తుందన్న నమ్మకం ఉండదు. పంజాగుట్టకు కూతవేటు దూరంలోని బీఎస్ మక్తా లాంటి బస్తీల్లో, పక్కింటి డాబా మీదుగా లాగిన ఒక్క వైరే రెండు మూడిళ్లకు ఆధారం. నెల డబ్బులు ముందే కట్టిన ఈ ఇళ్లకు నోటీసిచ్చిందెవరు?

పోనీ, ఆ ఏడాదిలో ఆపరేటర్లు తీగలను ఎక్కడికి మార్చాలి? స్తంభం వద్దంటే నేల కింద వేయాలి. నేల తవ్వాలంటే జీహెచ్ఎంసీ అనుమతి కావాలి. అమీర్‌పేట, బల్కంపేట ఇరుకు సందుల్లో ఒక్కో కంపెనీ ఒక్కోసారి రోడ్డు తవ్వడం కుదరని పని. అందరూ వాడుకునేలా ప్రభుత్వమే డక్టులు వేయాలి. ఆ ఏడాదిలో ఏ బస్తీలో ఎన్ని మీటర్ల డక్టు వేశారో ముందు అది చెప్పాలి. ఫైబర్ భూమిలోంచే వచ్చే గేటెడ్ కమ్యూనిటీలకు ఈ కత్తెర పోదు. స్తంభం తప్ప మరో దారి లేనివాళ్ల మీదే అది పడుతుంది. ఇది తెలిసి కూడా గడువు తీరిందనడం అన్యాయం. అనుమతులున్న తీగలను సైతం తెంచారని ఎయిర్‌టెల్ హైకోర్టు తలుపు తట్టగలిగింది. హాస్టల్ పిల్లాడు ఏ కోర్టుకు వెళ్తాడు?

ఫోన్లో డేటా వేయించుకోమనడం తేలికే. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాక రోజుకు 1.5 జీబీ చొప్పున 28 రోజులకు జియోలో 299 రూపాయలైంది. రెండు లైవ్ క్లాసులు వింటే ఆ రోజు డేటా హరించుకుపోతుంది. ఇంట్లో ముగ్గురు చదువుకునేవాళ్లుంటే ముగ్గురికీ రీచార్జి.

డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చిచెప్పింది. అలాంటప్పుడు, తన ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్‌ను 2024 డిసెంబరులో కొన్ని పల్లెల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ప్రభుత్వం, నగర బస్తీలను ఆ పథకంలోకి తేవడానికి ఇంకా ఎందుకు ఆగాలి?

ప్రమాదకరంగా వేలాడే తీగలను ఈరోజే తీయండి. మిగతావాటిని, డక్టు సిద్ధమయ్యాకే, వీధి వీధికీ తేదీ ముందుగా ప్రకటించి తొలగించండి. ఇప్పటికే తెంచినచోట బస్తీలు, హాస్టళ్ల కనెక్షన్లను ముందు పునరుద్ధరించాలి. నెట్ లేని రోజుల సొమ్మును బిల్లులో తగ్గించమని ఆపరేటర్లను ఈ వారంలోనే ఆదేశించాలి.