పొలంలో డ్రిల్లింగ్ మిషన్ దిగిందా? ముందు తేదీ అడగండి

పైప్‌లైన్ కోసం మట్టి పరీక్ష అంటే చాలామంది రైతులు పెద్దగా పట్టించుకోరు. నాలుగు చోట్ల తవ్వి, మట్టి తీసుకుని పోతారులే అనుకుంటారు. కానీ గ్యాస్, పెట్రోలియం పైప్‌లైన్ల విషయంలో అసలు లెక్క అక్కడే మొదలవుతుంది.

పరీక్ష మాత్రం అవసరమే. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడతారు. నేల ఎంత గట్టిదో దాంతో తెలుస్తుంది. నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి, మట్టి వల్ల పైపు తుప్పు పడుతుందా అన్నదీ చూస్తారు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. అక్కడ మరింత జాగ్రత్త కావాలి. భూమిలో గ్యాస్ పైపు లీకైతే ఏమవుతుందో 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామం చూసింది. 20 మందికి పైగా చనిపోయారు.

మరి రైతు హక్కుల సంగతేంటి? దీనికి 1962 నాటి కేంద్ర చట్టం ఉంది. సెక్షన్ 3 కింద గెజిట్ నోటిఫికేషన్ వచ్చాకే, సెక్షన్ 4 ప్రకారం పొలంలోకి వచ్చి కొలవడానికి, తవ్వడానికి, బోరు వేయడానికి అధికారం వస్తుంది. అవసరమైతే పంట కూడా కోయొచ్చు. అయితే నష్టం వీలైనంత తక్కువ చేయాలని అదే సెక్షన్ చెబుతోంది. సర్వేలో జరిగిన నష్టానికి కూడా పరిహారం ఇవ్వాల్సిందే.

అభ్యంతరం చెప్పడానికి గడువు నోటిఫికేషన్ తేదీ నుంచి 21 రోజులే. అదీ రాతపూర్వకంగా. మిషన్‌ను చూశాక కదిలితే అప్పటికే సగం రోజులు అయిపోయి ఉండొచ్చు.

భూమి రైతు పేరు మీదే ఉంటుంది, సాగూ చేసుకోవచ్చు. కానీ పైపు వెళ్లే పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. దీనికి ఇచ్చేది ఆ పట్టీ మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం వేరే. ఉదాహరణకు ఎకరం 30 లక్షలు పలికే చోట 20 సెంట్లు పట్టీలో పోతే, దాని విలువ 6 లక్షలు. చేతికొచ్చేది 60 వేలు. పొలం మధ్యలో పైపు ఉందంటే కొనేవాడు మొత్తం పొలానికే ధర తగ్గిస్తాడు. చట్టం మాత్రం పట్టీనే లెక్కిస్తుంది. అసలు అన్యాయం ఇక్కడుంది.

ఈ శాతం మారాలంటే పార్లమెంటు కదలాలి. అప్పటిదాకా రైతు చేతిలో ఉన్నవి కొన్నే. నోటిఫికేషన్ తేదీ, అందులో తన సర్వే నంబరు ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. మిషన్ దిగకముందే పంట, గట్లు, చెట్లు ఫోటోలు తీసి పెట్టుకోవాలి. ఇచ్చిన పరిహారం సరిపోకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. కాగితం చదవకుండా సంతకం మాత్రం పెట్టొద్దు.