బోర్డు పోయిందనడానికి ప్రమాణమేది?



ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి నేను. ఈ పుటలో సాధారణంగా ప్రబంధాల గురించీ ఛందస్సు గురించీ రాసుకుంటూ ఉంటానని మీకు తెలుసు. ఈసారి పవర్ సప్లై గురించీ ర్యామ్ గురించీ రాస్తున్నాను. తెలుగు పండితునికి ఇదేమి బుద్ధి అని మీలో కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి, కాని పూర్తిగా చదివిన తరువాత నవ్వుకోండి. ఇది కోపంతో రాస్తున్న టపా. పరీక్షించకుండా తీర్పు చెప్పే అలవాటు మీద నా కోపం. అటువంటి తీర్పుకు ఒక ఇల్లాలి చెవికమ్మలు కుదువకు పోబోయాయి గనుక, ఆ కోపాన్ని దాచుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

సంగతి ఇది. మా తమ్ముని మనుమడు కడపలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. యానిమేషన్ నేర్చుకోవాలని వాని కోరిక. ఏడాది పాటు సాయంకాలాలు జిరాక్స్ అంగడిలో పనిచేసి, కూడబెట్టిన డబ్బుకు తల్లి ఇచ్చినది కలిపి, కంప్యూటరు విడిభాగాలు ఒక్కొక్కటే తెప్పించుకున్నాడు. ఒక ఆదివారం నాడు ఇద్దరు స్నేహితులతో కూర్చొని అన్నీ బిగించాడు. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, రంగురంగుల దీపాలు వెలిగాయి, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. మూడు రోజులు కుస్తీ పట్టి, చివరికి ఆటోలో పెట్టుకొని ఒక అంగడికి తీసుకుపోయాడు. అక్కడి ఆయన పక్క రేకు విప్పి, మీట నొక్కి, అయిదు నిమిషాలు చూసి, “బోర్డు పోయినాది. మీరే యాడనో షార్టు చేసినారు. కొత్తది ఏసుకోవాల” అన్నాడట. కొత్త బోర్డుకు పద్నాలుగు వేలు. ఆ రాత్రి వాని తల్లి నాకు ఫోను చేసింది. “పెద్దమామా, మీరు కంప్యూటర్లో రాస్తుంటారు గదా, రేపు కమ్మలు కుదువ పెట్టేలోపల ఒక్కసారి వానితో మాట్లాడండి” అన్నది. ఫోనులో మాట్లాడితే తేలే వ్యవహారంలా తోచలేదు. మర్నాడు తెల్లవారుజామున కర్నూలులో బస్సెక్కాను.

నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోయే ఆ దారిలో కె.సి. కెనాలును తలచుకోకుండా ఎవరూ ప్రయాణం చేయలేరు. 1860ల నాడు ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించి, లాభం రాక చతికిలబడితే 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కాలువ అది. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. దాని చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు రాకపోతే ఏం చేస్తాడు? పొలం పోయిందని అమ్ముకుంటాడా? గట్టు పట్టుకొని పైకి నడుస్తాడు. ఈ తూము దాకా నీరుంది, ఆ తూము దగ్గర లేదు, అంటే నడుమ ఎక్కడో గండి పడింది, లేదా ఎవరో అడ్డుకట్ట వేశారు. అక్షరం ముక్క రాని రైతుకు తెలిసిన ఈ పద్ధతి, పదేళ్లుగా అంగడి నడుపుతున్న మనిషికి ఎందుకు తోచలేదు? బస్సులో నన్ను వేధించిన ప్రశ్న ఇదే.

మేము చదువుకునే రోజుల్లో తర్కసంగ్రహం పాఠ్యగ్రంథం. దాన్ని రచించిన అన్నంభట్టు మన ఆంధ్రుడే, 17వ శతాబ్ది వాడు. పొగను చూసి నిప్పును ఊహించడం అందరికీ తెలిసిన ఉదాహరణ. దాని తరువాతి అధ్యాయమే నాకు ఎప్పుడూ ఎక్కువ ఇష్టం, హేత్వాభాసాల ప్రకరణం. అంటే కారణంలా కనిపించి కారణం కానివి. అందులో సవ్యభిచారమని ఒక దోషముంది. మీరు చూపిన హేతువు, మీరు సాధించదలచిన విషయం లేనిచోట కూడా ఉంటే ఆ అనుమానం చెల్లదు. ‘తెర మీద బొమ్మ రాలేదు, కనుక బోర్డు పోయింది’ అన్న వాక్యాన్ని ఈ గీటురాయి మీద గీసి చూడండి. ర్యామ్ గాడిలో సరిగా దిగకపోయినా బొమ్మ రాదు. గ్రాఫిక్స్ కార్డు ఉండగా తెర తీగను బోర్డుకు తగిలించినా రాదు. పేరు చివర ‘ఎఫ్’ అన్న అక్షరమున్న ఇంటెల్ ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండదు, వాటికి కార్డు పెట్టకపోయినా రాదు. బోర్డు కింద ఉండవలసిన ఇత్తడి దిమ్మ ఒకటి తప్పుచోట బిగించి ఉన్నా రాకపోవచ్చు. 2019 జూలైలో రైజెన్ 3000 వరుస ప్రాసెసర్లు వచ్చినప్పుడు, అంతకుముందే తయారై అంగళ్లలో నిలవున్న బోర్డులు పాత బయోస్ కారణంగా వాటిని గుర్తుపట్టలేదు. ఎందరో కొత్త బోర్డులను చచ్చినవనుకున్నారు. ఇన్ని చోట్ల సంచరించే హేతువును పట్టుకొని ఒకే నేరస్థుణ్ణి ఉరితీస్తే దాన్ని రోగనిర్ణయం అనవచ్చునా?

కడప చేరి, కాళ్లు కడుక్కొని, ఆ పెట్టె ముందు కూర్చున్నాను. నాకు ఈ విద్య వచ్చని చెప్పుకోను. సొంత కంప్యూటర్లు మూడు చెడగొట్టుకొని బాగు చేసుకున్న అనుభవం, భూతద్దం, బోర్డుతో వచ్చిన పుస్తకం, ఇవే నా ఆయుధాలు. ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా అట్టపెట్టెలో పడి ఉంది. ముగ్గురు పిల్లలూ కలిసి నలభై నిమిషాల వీడియోలు చూశారట, ఈ పది పుటలు మాత్రం తిప్పలేదు. (అంగడి ఆయన మీద ఉన్న కోపంలో పావువంతు వీరి మీద కూడా ఉంది. అది వారికి అక్కడే చెప్పాను.)

మొదట గోడ ప్లగ్గు తీయించి, లోపల చేయి పెట్టే ముందు పెట్టె ఇనుప చట్రాన్ని ముట్టుకోమన్నాను. మన రాయలసీమ పొడిగాలిలో ఒంటికి పట్టిన స్థిరవిద్యుత్తు ఆ సున్నితమైన భాగాలకు మంచిది కాదు. తరువాత అక్కర లేనివన్నీ తీయించాను. గ్రాఫిక్స్ కార్డు వద్దు, ఎందుకంటే వాని ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ ఉంది. అదనపు డిస్కు వద్దు. రెండు ర్యామ్ పట్టీల్లో ఒకటి చాలు. ఉన్న రెండింటినీ పక్కపక్క గాడుల్లో గుచ్చారు. పుస్తకం ప్రకారం ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండవ గాడిలో, నాలుగవ గాడిలో ఉండాలి. ఒక్కదాన్నే రెండవ గాడిలో పెట్టించి, కొక్కెం ‘టక్’మని పడేదాకా నొక్కించాను. తెర తీగను బోర్డుకే తగిలించి మీట నొక్కాము. ఫ్యాన్లు తిరిగాయి, తెర చీకటి.

అప్పుడు భూతద్దం తీశాను. బోర్డు అంచున ఆవగింజలంత దీపాలు నాలుగున్నాయి. వాటి పక్కన సన్నని అక్షరాలు: సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్. కంప్యూటరు లేచేటప్పుడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో ఆ దీపం వెలిగి ఉంటుంది. సీపీయూ దగ్గర ఎర్రగా వెలుగుతున్నది. చచ్చిపోయిందని తీర్పు పొందిన బోర్డు, తన జబ్బు ఎక్కడుందో తానే వేలెత్తి చూపిస్తున్నది! మూడు రోజులుగా చూపిస్తూనే ఉన్నది. వినేవాడు లేడు, అంతే.

ఇక గట్టు పట్టుకొని పైకి నడవడమే. పవర్ సప్లై నుంచి బోర్డుకు 24 పిన్నుల పెద్ద తీగకట్ట ఒకటి వస్తుంది, అది ప్రధాన కాలువ. ప్రాసెసర్‌కు మాత్రం 12 వోల్టుల పిల్లకాలువ వేరే ఉంది, 8 పిన్నులది, నాలుగూ నాలుగుగా విడివడి ఉంటుంది. అది బోర్డు పైమూలలో, పెద్ద ఫ్యాను నీడలో, చేయి దూరని సందులో గుచ్చుకుంటుంది. ప్రధాన కాలువలో నీరుంది కనుక ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి. పిల్లకాలువ ఎండితే ప్రాసెసర్ లేవదు. మళ్లీ ప్లగ్గు తీసి, టార్చి వేసి చూస్తే ఆ కట్టలో సగం లోపలికి దిగి ఉంది, సగం పైకి లేచి ఉంది. ఫ్యానును విప్పించి గట్టిగా నొక్కమన్నాను. టక్కుమన్నది.

ఈసారి మీట నొక్కితే ఎర్రదీపం ఆరిపోయి, పక్కనున్న డ్రామ్ దీపం వెలిగింది. తెర ఇంకా చీకటే. “ఇది గూడా పోయింది తాతా” అంటూ వాడు మీట మీదికి చేయి చాచాడు. చేయి పట్టుకొని ఆపాను. 2022లో వచ్చిన ఆ ఏఎం5 రకం బోర్డులు మొదటిసారి లేచేటప్పుడు కొత్త డీడీఆర్5 ర్యామ్‌తో తమకు తాము శ్రుతి కలుపుకుంటాయి. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ లోపల తెర మీద చుక్క కూడా కనబడదు. తొందరపడి ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. తంబురా శ్రుతి చేసుకుంటున్న గాయకుణ్ణి ‘పాట రాదు వీడికి’ అని వేదిక దింపేసినట్టు ఉంటుంది అది. గడియారం చూస్తూ కూర్చున్నాము. వాని తల్లి గడపలో నిలబడి కమ్మలు తడుముకుంటున్నది. నాలుగు నిమిషాలు దాటిన తరువాత తెర మీద అక్షరాలు వచ్చాయి.

ఇప్పుడు నా వాదానికి వస్తాను. ఇటువంటివి చెప్పినప్పుడల్లా మిత్రులొకరు, ‘అంగడివాని పొట్ట కొట్టకండి పంతులుగారూ, భాగాలన్నీ ఆన్‌లైనులో కొని రిపేరుకు మాత్రం ఆయన దగ్గరికి పోతే ఊరికే చూస్తాడా’ అంటారు. న్యాయమైన మాట. ఊరికే చూడమని నేను అనను. పరీక్ష చేసినందుకు మూడు వందలో అయిదు వందలో తీసుకోమనండి, దోషం దొరకకపోయినా తీసుకోమనండి. ‘నాకు అంతు పట్టలేదు’ అని చెప్పమనండి, అది గౌరవమైన మాటే. పరీక్షకు కూలి అడగలేక, ఆ కూలిని తీర్పులో కలిపి బోర్డు రూపంలో అమ్మడం ఉన్నదే, దాన్ని నేను ఒప్పుకోను. బోర్డు పోయిందంటే ఏ పరీక్షలో పోయిందని తేలిందో చూపించాలి. వేరే ర్యామ్ వేసి చూశావా? వేరే పవర్ సప్లై తగిలించావా? పెట్టెలోంచి బోర్డును బయటికి తీసి, అట్ట మీద పెట్టి, ఒట్టి ప్రాసెసర్‌తో లేపి చూశావా? ఆ మూడూ చేసి, అప్పటికీ లేవకపోతే, ఆ తరువాత పద్నాలుగు వేలు అడుగు. ఇచ్చుకుంటాము.

మనకు కూడా ఇందులో పాలుంది. 2006, 2007 నాటికి మన గతి గుర్తు తెచ్చుకోండి. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు పుట తెరిస్తే అక్షరాల స్థానంలో డబ్బాలు, ఒత్తులు ఒకచోట గుడులు ఒకచోట. ‘ఈ కంప్యూటర్లో తెలుగు రాదు’ అని నెట్ సెంటర్లలో తీర్పు చెప్పేవారు. అందులో గౌతమి ఖతి ఉండనే ఉంది. భాషల అమరికలో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేస్తే చాలునని మనలో మనం ఒకరికొకరు తెలుగులో రాసుకున్నాము, బాగు చేసుకున్నాము. ఆ ఓపిక ఇప్పుడేమైంది? ఆ పిల్లవాని బోర్డు పుస్తకంలో ఏడెనిమిది భాషలున్నాయి, తెలుగు లేదు. ఆ లోటు పూడ్చగలిగిన మనము మదర్‌బోర్డును మాతృఫలకమనాలా మూలఫలకమనాలా అని వ్యాఖ్యల్లో జుట్లు పట్టుకుంటున్నాము. పండిత శిక్షణ పొందినవాణ్ణి గనుక నాకు ఈ మాట అనే హక్కుంది: ముందు పిల్లలు పలికే మాటల్లోనే రాయండి, ఫలకాలు తరువాత చెక్కుకుందాము. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌను దొర మహానిఘంటువుతో తృప్తి పడలేదు. కచేరీల్లో, వ్యవహారంలో నలిగే పరభాషా పదాలను కూడా ఏరి, 1854లో మిశ్రభాషా నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయముంది. ఆ ఊరి పిల్లవానికి ‘ర్యామ్ రెండవ గాడిలో పెట్టు’ అన్న ఒక్క తెలుగు వాక్యం దొరకలేదు.

తిరుగు బస్సుకు ముందు ఆ అంగడికి వెళ్లాను, పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని. పోట్లాడాలనే వెళ్లాను. ఆయన కుర్చీ వేసి, టీ తెప్పించి, “బోర్డు మార్పిచ్చినారా సార్?” అన్నాడు. జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. బల్ల మీద అప్పటికే విప్పి పెట్టిన ఇంకెవరిదో పెట్టె ఉంది. దాన్ని నా వైపు తిప్పి, “దీనికి గూడా నేను బోర్డే చెప్పినా సార్. ఆ చిన్న లైట్లు యాడుంటాయో సూపిచ్చండి” అన్నాడు. భూతద్దం సంచిలోంచి మళ్లీ తీశాను. నా బస్సు పోయింది.