కత్తీ మంత్రమూ ఒక్కడికేనా?

కత్తి తిప్పేవాడికి మంత్రం కూడా వచ్చేస్తే ఆ ఆటలో మిగతా నలుగురూ యెందుకున్నట్టు? ఇదీ ప్రశ్న. చూడ్డానికి పిల్లల తగాదాలా వుంటుంది గాని, నా మటుకు నాకు ఇది న్యాయం సంగతే అనిపిస్తుంది.

బల్ల చుట్టూ కూర్చుని కథ నడుపుకునే ఆటలు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఒకడు కథ నడిపిస్తాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. అనుకున్న పని కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ప్రతి పాత్రకీ ఒక క్లాసు వుంటుంది (మనం ఎగ్గొట్టే క్లాసు కాదు లెండి): యోధుడు, మాంత్రికుడు, దొంగ, యిలాగ. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో యీ తంతు మొదలైంది. నాచారంలో ఒక మిత్రుడి అద్దె గదిలో ఆదివారం సాయంత్రాలు మేము ఆడేదీ అదే.

మా బృందంలో ఒకడు నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. వారానికి దొరికే మూడు గంటలు యీ ఆటకే పెడతాడు. వాడిది వట్టి యోధుడి పాత్ర. ఇంకొకడు 'బ్లేడ్‌సింగర్' తీసుకున్నాడు. అంటే కత్తి పట్టిన మాంత్రికుడన్నమాట. 2020లో సవరించిన నియమాల ప్రకారం, కొంత పై స్థాయికి వెళ్ళాక, వీడు ఒకే వంతులో కత్తితో ఒక దెబ్బ, చిన్న మంత్రంతో ఇంకో దెబ్బ వెయ్యొచ్చు. శత్రువు కొడితే అప్పటికప్పుడు మంత్రపు డాలు అడ్డం పెట్టొచ్చు. అవసరమైతే గాలిలో యెగిరిపోనూ వచ్చు. ఒకనాడు మా యోధుడు పాచిక బల్లమీద పెట్టేసి, "అన్నా, నా వంతు వచ్చేసరికి ఎవ్వడు మిగుల్తలేడు. నేనేం జెయ్యాలె, చాయ్ దేవాల్నా?" అన్నాడు. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు. తరువాతి రెండు ఆదివారాలు రాలేదు కూడా.

దీనికి మందు వెతికినవాళ్ళు తక్కువేం కాదు. 1981 నాటి బేసిక్ పెట్టెలో 'ఎల్ఫ్' అనే పాత్రకి కత్తీ మంత్రమూ రెండూ వుండేవి. కాని రెండో స్థాయికి వెళ్ళాలంటే యోధుడికి 2000 అనుభవ పాయింట్లు చాలితే ఎల్ఫ్‌కి 4000 కావాలి. పదో స్థాయి దాటి యెదిగేది లేదు. ధర పెట్టారు, బాగానే వుంది. ఆ ధర కట్టడం మాత్రం మొదట్లో బాధ, తరువాత మరుపు. ఇక 2000లో వచ్చిన మూడో కూర్పు చూడండి. యెవరైనా యే క్లాసైనా కలుపుకోవచ్చన్నారు. అయిదు మెట్లు యోధుడిగా, అయిదు మెట్లు మాంత్రికుడిగా యెక్కినవాడు మూడో తరగతి మంత్రాల దగ్గరే ఆగిపోతే, పది మెట్లూ మాంత్రికుడిగా యెక్కినవాడు అయిదో తరగతి మంత్రాలు వేస్తుంటాడు. మనవాళ్ళు రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది యిదే. అంటే మనకి దొరికినవి రెండే దారులు: ఒకటి అందరినీ మింగేసేవాడు, రెండోది యెవరికీ పనికిరానివాడు.

నేననేది, ధర వేరే చోట పెట్టాలని. మన భారతం చూడండి. అస్త్రం అంటే యేమిటి? మంత్రించిన బాణమే కదా. అర్జునుడూ కర్ణుడూ అశ్వత్థామా, అందరూ కత్తీ మంత్రమూ కలిసినవాళ్ళే. అయినా భీముడు ఆ కథలో యెప్పుడూ చాయ్ తేలేదు! కారణం, అక్కడ అస్త్రానికి ధర బలంలో లేదు, వాడే ఘడియలో వుంది. ఇంద్రుడిచ్చిన శక్తి కర్ణుడికి ఒక్కసారే పనిచేస్తుంది. అది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయాక అర్జునుడికి మిగల్లేదు. అశ్వత్థామకి బ్రహ్మశిరోనామకాస్త్రం వదలడం వచ్చు, వెనక్కి తీసుకోవడం రాదు. ద్వారక మునిగాక స్త్రీలను వెంటబెట్టుకు వస్తూ దారిలో దొంగలు పడితే అర్జునుడికే అస్త్రాలు గుర్తుకు రాలేదు. వీళ్ళలో యెవరినీ బలహీనులని అనగలమా?

దీనికి తిరగేసిన ఉదాహరణ కావాలంటే దూరం పోనక్కర్లేదు, ఉప్పల్ స్టేడియందాకా నడిస్తే చాలు. క్రికెట్లో ఆల్‌రౌండర్ అంటే యీ కత్తి–మంత్రం మనిషే. బ్యాటుతో పది మందిలో ఒకడు, బంతితో పది మందిలో ఒకడు, కాని జట్టులో ఒక్క చోటే తీసుకుంటాడు. వాడి విలువంతా ఆ ఒక్క చోటులో వుంది. ఐపిఎల్‌లో 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ నియమం వచ్చింది: ఆట మధ్యలో ఒక బ్యాటర్‌ని తీసేసి బౌలర్‌ని దింపొచ్చు. ఇక సగం సగం మనిషి యెందుకు? 2024లో రోహిత్ శర్మ యీ నియమం ఆల్‌రౌండర్లను యెదగనివ్వదని బాహాటంగానే అన్నాడు, వాషింగ్టన్ సుందర్, శివం దూబే పేర్లు చెప్పి మరీ. ఆ యేడు మార్చి 27న ఉప్పల్లో హైదరాబాదు జట్టు 277 కొడితే ముంబయి 246 కొట్టింది. జనం కేకలు వేశారు, నేనూ వేశాను, అది వేరే సంగతి. ఆ యేడే బోర్డు సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీలో యీ నియమాన్ని యెత్తేసింది, ఐపిఎల్‌లో మాత్రం వుంచింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114 కొట్టాడు. టెస్టుల్లో మనిషిని మార్చుకునే ఆ సదుపాయం లేదు కాబట్టే అలాంటి చోటు వాడి కోసం ఖాళీగా వుంటుందని నా నమ్మకం.

కనక కలగలుపు మనిషికి అన్నీ ఉచితమైతే ఒంటి విద్యవాళ్ళు చస్తారు. ఒంటి విద్యవాళ్ళను ఉచితంగా మార్చుకోనిస్తే కలగలుపు మనిషి చస్తాడు. రెండు చోట్లా జబ్బు ఒకటే, ఎంచుకోవలసిన అవసరం లేకపోవడం.

ఈ రహస్యం పాత్‌ఫైండర్ ఆట రాసినవాళ్ళు పట్టుకున్నారు. అందులో 2021 నాటి 'మేగస్' ప్రతి వంతులో మూడు పనులు చెయ్యగలడు. మంత్రాన్ని కత్తిలో నింపి కొట్టడానికే రెండు పోతాయి. మళ్ళీ అలా కొట్టాలంటే ముందు ఇంకో పని ఖర్చుపెట్టి కత్తిని తిరిగి సిద్ధం చేసుకోవాలి. దెబ్బ మాత్రం పిడుగే. ఆ సిద్ధం చేసుకునే వ్యవధిలో వాడి ముందు నిలబడేవాడు ఒకడు కావాలి. ఆ ఒకడే మా యోధుడు.

దీన్ని చూసి మా బల్ల దగ్గరా ఒక కట్టుబాటు పెట్టాం. బ్లేడ్‌సింగర్ ఒక వంతులో కత్తో మంత్రమో యేదో ఒకటే. రెండూ కలిపి కొట్టాడంటే పై వంతులో మంత్రం లేదు. "అట్లయితే నన్ను సగం మనిషిని చేసిన్రు గదరా" అని వాడు పేచీ పెట్టాడు. కత్తి యెక్కడికి పోయిందిరా అని అడిగాం. నాలుగు వారాలు ఆడి చూశాం. యోధుడు తలుపు దగ్గర నిలబడి కాస్తుంటే, వెనక వీడు ఊపిరి పీల్చుకుని మళ్ళీ దూకుతున్నాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చేస్తున్నాడు మా యోధుడు, టిఫిన్ డబ్బాతో సహా.

అప్పటికప్పుడు వేసే డాలు మంత్రం కూడా లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. రావాలంటాను నేను. కథ నడిపేవాడు వద్దంటున్నాడు.