అడిగింది ఒక్క బూరే

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల చూసుకుని నరసరావుపేట బస్సెక్కే కుటుంబాల్ని గమనించండి. పిల్లాడి చేతిలో బూర, తాతయ్య సంచిలో బొమ్మ తుపాకీ, మేనమామ చంకలో ప్లాస్టిక్ జేసీబీ, పిన్ని చేతిలో కీ ఇస్తే గంతులేసే కోతి. పిల్లాడు అడిగింది బూర ఒక్కటే, మిగతావన్నీ పెద్దవాళ్ల ముచ్చట. అందుకే ఇల్లంతా బొమ్మలేనని పిల్లల్ని కసురుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే మేనమామ ప్రేమకు రుజువుగా బొమ్మ తెస్తాడు. చక్రం ఊడినా దాన్ని పారేయలేం. రేపు ఆయనొచ్చి 'నా జేసీబీ ఏదిరా' అంటే? పోనీ, బొమ్మలు ఎక్కువుంటే ఆట ఎక్కువవుతుందా అంటే అదీ లేదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 36 మంది పసిపిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 పెట్టి చూశారు. 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి: నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడుకున్నారట. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లకు, కొన్నే బయట ఉంచే ఈ కిటుకు కొత్తేమీ కాదు. కొండపల్లి అంబారీ ఏనుగు ఏడాదంతా పాతగుడ్డ చుట్టుకుని ట్రంకుపెట్టెలో ఉండి పండక్కి బయటికొస్తే, తొండం మీద రంగు పెచ్చులూడినా సరే, పిల్లలు దాని చుట్టే మూగుతారు. ప్లాస్టిక్ జేసీబీకి మాత్రం ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు? పారేయనక్కర్లేదు, పంచిపెట్టనక్కర్లేదు. సగం బొమ్మల్ని అటకెక్కించి, నెలకోసారి మార్చి దించండి. మేనమామలకు మాత్రం ముందే చెప్పండి: ఈసారి బొమ్మ వద్దు, ఒక పూట ఉండి పిల్లాడితో ఆడి వెళ్లమని.