కుక్కపిల్లని ఇచ్చే ముందు ఇల్లు చూడండి

కిందటి వారం ఊరగాయల సంగతి చెప్పుకున్నాం గదా. ఈ వారం వంటింట్లోంచి కాస్త వరండాలోకి వద్దాం. ఇప్పుడు పట్నాల్లోనే కాదు, మా పెనుబల్లి లాంటి ఊళ్లలో కూడా పామరేనియన్, పగ్ వంటి చిన్నజాతి కుక్కల్ని ముచ్చటపడి పెంచుకుంటున్నారు. ఆడకుక్క ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు పిల్లలు పుడతాయి. అప్పుడు ఏం చేయాలో, వాటిని ఎవరికివ్వాలో తెలియక చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

ముందుగా, పిల్లలు కావాలా వద్దా అన్నది మనమే తేల్చుకోవాలి. వద్దనుకుంటే డాక్టరుతో మాట్లాడి ఆపరేషన్ చేయించడం అన్నిటికన్నా మంచిది. ముసలితనంలో గర్భసంచికి చీము పట్టే జబ్బు కూడా తప్పుతుంది. కావాలనుకుంటే తొందర పనికిరాదు. 2017లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిబంధనల ప్రకారం ఆడకుక్కకి పద్దెనిమిది నెలలు నిండాకే జత కట్టించాలి. ఏడాదికి ఒక్క ఈతే, జన్మలో అయిదు ఈతలకి మించకూడదు, ఎనిమిదేళ్లు దాటాక అసలు వద్దు. అమ్మకానికి పెంచేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు చేయించుకోవాలి. "ఇంట్లో ఒక్క కుక్కే గదా, మాకెందుకు" అనుకోకండి.

ఎదకొచ్చిన మూడు వారాలూ గేటు జాగ్రత్త. వీధిలోని పెద్దకుక్క జత కడితే పిల్లలు పెద్దవై, చిన్న తల్లికి కాన్పు ప్రాణం మీదికి వస్తుంది.

చూడి కట్టిన తర్వాత సుమారు అరవై మూడు రోజులకి పిల్లల్ని పెడుతుంది. చిన్నజాతికి సాధారణంగా రెండు నుంచి నాలుగు పిల్లలు. వెడల్పాటి అట్టపెట్టెలో పాత నూలు చీరలు పరిచి, జనం తిరగని మూల పెట్టండి. చలికాలమైతే పెట్టెకి ఒక పక్కన మాత్రమే బల్బు వెలిగించాలి. వేడెక్కితే పిల్లలు రెండో పక్కకి జరుగుతాయి. తల్లి అరగంట సేపు గట్టిగా ముక్కినా పిల్ల రాకపోయినా, ఒక పిల్లకీ ఇంకో పిల్లకీ మధ్య రెండు గంటలు దాటినా వెంటనే పశువుల డాక్టరుకి కబురు చేయండి. చేత్తో లాగొద్దు.

వంటింటి త్రాసులో పిల్లల్ని రోజూ తూచి, కాలెండరు మీద రాసుకోండి. పుట్టినప్పటి బరువు పది రోజులకల్లా ఇంచుమించు రెట్టింపు కావాలి. బరువు పెరగని పిల్లకి పాలు అందట్లేదని అర్థం. పిల్లలు పాలు తాగే రోజుల్లో తల్లి వణికినా, ఒళ్లు బిగుసుకున్నా, ఆపకుండా రొప్పినా అది కాల్షియం తగ్గిపోవడం కావచ్చు. చిన్నజాతుల్లో ఇది ఎక్కువ. తెల్లారేదాకా ఆగితే తల్లి దక్కదు.

ఇక అసలు సంగతి. కళ్లు తెరిచి, బుడిబుడి అడుగులు వేసేసరికి "మాకొకటి, మాకొకటి" అని అందరూ వస్తారు. నెల పిల్ల ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ ఎనిమిది వారాలు నిండకుండా పిల్లని అమ్మకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. ఊరికే ఇచ్చినా అదే వయసు పాటించాలి. తోడబుట్టిన వాటితో ఆడుకుంటూనే, ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో అది నేర్చుకుంటుంది. ముందే వేరుచేస్తే రేపు ఆ ఇంటి పిల్లల చేతులు కొరుకుతుంది.

మా కుక్క మూడు పిల్లల్ని పెట్టినప్పుడు మా ఆడపడుచు ముప్పయ్యో రోజునే వచ్చి అడిగింది. "ఇంకో నెలాగు వదినా" అంటే, "పరాయిదాన్నయ్యానా" అని అలిగి వెళ్లి, పట్నంలో ఒకచోట నెల పిల్లనే కొనుక్కుంది. టీకా లేదు, ఏమీ లేదు. తొమ్మిదో రోజుకి రక్తవిరేచనాలతో పోయింది. పార్వో అన్నాడు డాక్టరు. వాళ్ల చిన్నది రెండు రోజులు అన్నం ముట్టలేదు. అందుకే చెబుతున్నా, చుట్టరికం వేరు, పిల్ల ప్రాణం వేరు. రెండో వారం నుంచి నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించి, ఆ కార్డుతో సహా పంపండి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వాళ్లు తప్పక వేయించాలని చెప్పండి. ఏటా జూలై 6న చాలాచోట్ల పశువుల ఆస్పత్రుల్లో ఆ టీకా ఉచితంగానే వేస్తారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజు అది.

ఆడపిల్లనిచ్చేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు మన పెద్దలు. కుక్కపిల్లకి అంత అక్కర్లేదు గానీ, నాలుగు మాటలు అడగాలి. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఊరెళితే ఎవరు చూస్తారు? అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నాడా? ఎండాకాలం దాన్ని ఎక్కడ ఉంచుతారు? మామిడితోటకి కాపలా కావాలని ఒకాయన మా ఇంటికొచ్చాడు. "బాబాయ్, మే నెల ఎండలో ఈ బొచ్చుతో ఇది చెట్టుకింద బతకదు. తోటకి మన ఊరికుక్కపిల్లే సరి" అని చెప్పా. విని, వీధిలోని పిల్లనే తీసుకెళ్లాడు. ఇప్పుడది తోటంతా ఏలుతోంది.

2003లో హచ్ ఫోన్ ప్రకటన చూసి దేశమంతా పగ్ మీద మోజు పడింది. చప్పిడి ముక్కు జాతి గనక ఎండకి ఊపిరాడదని తెచ్చుకున్నాకగానీ చాలామందికి తెలియలేదు. ముద్దుకి తెచ్చి, మోజు తీరాక రోడ్డు మీద వదిలేస్తే ఆ పాపం ఇచ్చినవాళ్లకీ కొంత అంటుతుంది. అందుకే ఇచ్చేటప్పుడే, "పెంచలేకపోతే వీధిలో వదలొద్దు, మా ఇంటికే తెచ్చి ఇవ్వండి" అని గట్టిగా చెప్పి పంపండి. పది రోజుల తర్వాత ఒక్క ఫోను చేసి తింటోందా, ఆడుకుంటోందా అని కనుక్కోండి. తీసుకున్నవాళ్లకి కూడా అడిగేవాళ్లున్నారన్న భయం ఉంటుంది.

కొత్త ఇంటికి పంపేటప్పుడు చీటీ రాసివ్వడం మరవకండి: మెత్తటి పెరుగన్నం, ఉప్పు లేని ఉడికించిన గుడ్డు, రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు. కోడి ఎముకలు అసలే వద్దు. దాంతోపాటు తల్లి పడుకున్న చీర ముక్క ఒకటి కట్టివ్వండి. ఆ వాసనకి మొదటి రాత్రి ఏడుపు తగ్గుతుంది.

వచ్చేవారం వానాకాలంలో పప్పులు పురుగు పట్టకుండా దాచుకునే పద్ధతులు చెప్పుకుందాం.